మన ప్రోగ్రాం ఎదుటివారి కంప్యూటర్‌లో నడవాలంటే

మా విద్యాలయం మధ్యప్రదేశ్‌లో ఉంది. తల్లిదండ్రుల బదిలీల వల్ల ఇక్కడికి వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. వారి కోసం పదకొండో తరగతి విద్యార్థులం నలుగురం కలిసి పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాం. తెర మీద అక్షరం కనిపిస్తుంది, దాని పలుకు వినిపిస్తుంది. ఆ అక్షరంతో మొదలయ్యే బొమ్మను పిల్లలు గుర్తించాలి. బొమ్మలు మేమే గీశాం, పలుకులు మేమే రికార్డు చేశాం.

మా కంప్యూటర్‌లో అది చక్కగా నడిచింది. ఐదో తరగతి చదివే ఒక చెల్లి దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకువెళ్లింది. విజయనగరం నుంచి అమ్మమ్మ పంపే తెలుగు సందేశాలు తానే చదువుకోవాలని ఆమె కోరిక. మర్నాడు వచ్చి, "అన్నయ్యా, అది తెరుచుకోవడం లేదు" అంది. పని పూర్తయిందనుకున్న మాకు, సగమే అయిందని అప్పుడు తెలిసింది. ఆ మిగతా సగమే ఇన్‌స్టాలర్ తయారీ.

ఎందుకు తెరుచుకోలేదు?

కారణాలు రెండు. మొదటిది, వాళ్ల కంప్యూటర్‌లో పైథాన్ లేదు. మనం రాసిన కోడ్‌ను చదివి నడిపించే ఇంటర్‌ప్రెటర్ లేనిదే అది వట్టి అక్షరాల ఫైలు. రెండోది మా తప్పే. బొమ్మలు ఎక్కడున్నాయో చెప్పడానికి మా కంప్యూటర్‌లోని ఫోల్డర్ చిరునామాను పూర్తిగా రాసేశాం. ఆ చిరునామా మరొకరి కంప్యూటర్‌లో ఉండదు కదా! ప్రోగ్రాం తానున్న చోటు నుంచే బొమ్మల ఫోల్డర్‌ను వెతుక్కునేలా కోడ్ మార్చాం.

మొదటి మెట్టు: అన్నీ ఒకచోట చేర్చడం

దీనికి పైఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనం వాడాం. అది మన కోడ్‌ను, పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను, కావలసిన లైబ్రరీలను ఒక ఫోల్డర్‌లో చేరుస్తుంది. కోడ్‌లోని ఇంపోర్ట్ వాక్యాలను చూసి లైబ్రరీలను తానే కనిపెడుతుంది గానీ, బొమ్మలు, ధ్వని ఫైళ్ల సంగతి మనమే విడిగా చెప్పాలి. అన్నిటినీ ఒకే ఫైలుగా కూడా చేయవచ్చు. అలా చేస్తే తెరిచిన ప్రతిసారీ అది తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి కాబట్టి ఆలస్యమవుతుంది. అందుకే మేము ఫోల్డర్ పద్ధతినే ఎంచుకున్నాం. విండోస్ కోసం చేసేది విండోస్ మీదే, లినక్స్ కోసం చేసేది లినక్స్ మీదే తయారు చేయాలని మరచిపోకూడదు.

రెండో మెట్టు: ఇన్‌స్టాలర్

ఫోల్డర్ నిండా ఫైళ్లు ఇస్తే చిన్నపిల్లలు దేన్ని నొక్కాలో తెలియక తికమకపడతారు. కాబట్టి ఇనో సెటప్ అనే సాధనంతో ఒకే సెటప్ ఫైలు చేశాం. ఇది 1997 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలి, డెస్క్‌టాప్ మీద ఏ గుర్తు కనిపించాలి వంటివి చిన్న స్క్రిప్టులో రాస్తే చాలు.

ఇక్కడ మూడు సంగతులు నేర్చుకున్నాం. ఒకటి, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ల్యాబ్‌లో విద్యార్థులకు అది ఉండదు. అందువల్ల వాడేవారి సొంత ఫోల్డర్‌లోనే చేరేలా అమర్చాం. రెండు, పిల్లల మార్కులను ప్రోగ్రాం ఫైళ్ల మధ్య కాకుండా యాప్‌డేటా ఫోల్డర్‌లో దాచాం. కొత్త వెర్షన్ వేసినా పాత మార్కులు పోవు. మూడు, ప్రోగ్రాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను వెర్షన్ మారినా మార్చకూడదు. దాన్ని బట్టే కొత్తది పాతదాని స్థానంలో చేరుతుంది.

లినక్స్‌లో పద్ధతి వేరు

విండోస్ ఇన్‌స్టాలర్ ప్రయాణానికి పులిహోర కట్టుకుని వెళ్లడం లాంటిది. కావలసినదంతా వెంటే ఉంటుంది. డెబియన్, ఉబుంటులలో వాడే డెబ్ ప్యాకేజీ సరుకుల చీటీ లాంటిది. మన ఫైళ్లతో పాటు, ఇంకా ఏ ప్యాకేజీలు కావాలో అందులో రాసి ఉంటుంది. లేనివాటిని ఏపీటీ అనే సాధనం తెచ్చి చేరుస్తుంది. అందుకే డెబ్ ఫైలు చిన్నగా ఉంటుంది. కాకపోతే ఆ సరుకులు తేవడానికి ఇంటర్నెట్ ఉండాలి.

లైసెన్సు, నమ్మకం

లైసెన్సు లేకుండా కోడ్‌ను అందరికీ చూపించినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. మేము జీపీఎల్ ఎంచుకున్నాం. దాని ప్రకారం ఇన్‌స్టాలర్ ఇచ్చినప్పుడు మూలకోడ్ కూడా అందుబాటులో ఉంచాలి. మొదట ఇంటర్నెట్ నుంచి తీసుకున్న ఒక సంగీతం ముక్క వాడాం. దానికి అనుమతి లేదని గ్రహించి తీసేశాం.

డిజిటల్ సంతకం లేని సెటప్ ఫైలును తెరిస్తే విండోస్ హెచ్చరిక చూపవచ్చు. అది చూసి భయపడనక్కర లేదు, అలాగని కళ్లు మూసుకుని ముందుకు వెళ్లకూడదు. మా ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క వేసి, వచ్చిన 64 అక్షరాలను ల్యాబ్ నోటీసు బోర్డులో పెట్టాం. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆజ్ఞతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు మాది కాదు, లేదా కాపీ చేయడంలో పాడైంది.

చివరి పరీక్ష

ఇన్‌స్టాలర్‌ను తయారు చేసిన కంప్యూటర్‌లోనే పరీక్షిస్తే లోపాలు బయటపడవు. పైథాన్ లేని కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ తీసేసి పరీక్షించాలి. తొలగించి కూడా చూడాలి. ఇనో సెటప్ తాను పెట్టిన ఫైళ్లను తీసేస్తుంది, తర్వాత ప్రోగ్రాం సృష్టించిన వాటిని చెప్పనిదే తీయదు.

మూడో ప్రయత్నంలో ఆ చెల్లి ఇంట్లో ప్రోగ్రాం తెరుచుకుంది. ఇప్పుడు ఆమె గుణింతాల దాకా వచ్చింది. "ఒత్తులు ఎప్పుడు పెడతారు?" అని అడుగుతోంది. తర్వాతి వెర్షన్ పని మొదలుపెట్టాం.

మీరూ చేసి చూడండి: మీరు రాసిన ఒక ప్రోగ్రాంను మీ స్నేహితుని కంప్యూటర్‌లో మీ సహాయం లేకుండా నడపమనండి. ఎక్కడ ఆగిపోయిందో రాసుకోండి. మీ ఇన్‌స్టాలర్ చేయవలసిన పనుల జాబితా అదే.