జీతము తగ్గించుకొనుటకు ముందు

బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో అధిక వేతనమునకు కుదిరి, ప్రతి ఉదయమును బరువుగా గడపుచున్న ఉదయగిరి యువకునకు ఆత్మకూరులో సగము జీతమునకు మనసునకు నచ్చిన ఉపాధ్యాయపదవి లభించినచో, దానిని స్వీకరింపవచ్చునా యని అడిగినపుడు, ధనమే సర్వస్వమని కొందఱును, ధనము తృణప్రాయమని కొందఱును తొందరపడి తీర్పు చెప్పుదురు. ఈ రెండు తీర్పులును అతనికి మేలు చేయజాలవు. ఏలయన, తృప్తిని అనుభవించువాడు అతడొక్కడే గాని, దానికి మూల్యము చెల్లించువారు ఇంటిల్లిపాదియు.

మన నెల్లూరు జిల్లా ఏ మహనీయుని పేర నేడు పిలువబడుచున్నదో, ఆ పొట్టి శ్రీరాములు బొంబాయిలో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి, జి.ఐ.పి. రైల్వేలో కొన్ని సంవత్సరములు ఉద్యోగము చేసి, భార్యయు పసిబిడ్డయు గతించిన పిమ్మట ఆ కొలువు విడిచి సబర్మతీ ఆశ్రమమును చేరెను. ఆ త్యాగమును తలచినపుడెల్ల నా హృదయము పొంగును. అయినను, ఉద్యోగము మానగోరు ప్రతివానికిని దానిని ఆదర్శముగా చూపుట నాకు సమ్మతము గాదు. ఆయన రాజీనామా నాటికి ఆలుబిడ్డల పోషణభారము విధివశమున తొలగిపోయియుండెను. తమ్ముని చదువును, తల్లి మందులును తన జీతముపై ఆధారపడిన గృహస్థుడు ఆయన నిస్స్వార్థతను ఆరాధింపవచ్చును. ఆయన నిర్ణయమును యథాతథముగా అనుకరింపరాదు.

ఇంటింటికిని భేదము కలదు. సోమశిల జలాశయము నుండి పెన్న నీరు పారు ఆత్మకూరు ప్రాంతమున రెండెకరముల మాగాణి గల కుటుంబమునకు, తిండిగింజలు ఇల్లు చేరును గనుక, జీతములోని కోత కొంతవఱకు సహ్యము. వానను నమ్ముకొన్న ఉదయగిరి మెట్టలోనో, బోరు ఎండిన యేట పట్టణము నుండి నెలనెల వచ్చు పైకమే పంట.

ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కు కుటుంబములను చూచి, చేతిపనిలోని ఆనందమే వారికి వేతనమని పలుకువారున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనము కన్నుల పండువయే. కాని దినమంతయు ఉలియు ఆకురాయియు పట్టిన చేతికి న్యాయమైన కూలి దొరకవలెనని కోరుట ఆనందమునకు ద్రోహము గాదు. హాయియైన కొలువని చెప్పి అల్పవేతనము చూపు యజమాని మాటను గూడ ఈ దృష్టితోనే పరీక్షింపవలెను. ఆ సంస్థ అంతకు మించి ఈయలేకయున్నదా, ఈయనొల్లకున్నదా యని అడిగి తెలిసికొనవలెను.

కావున రాజీనామాకు పూర్వము ఆఱు నెలలు, క్రొత్త కొలువులోని జీతమే వచ్చుచున్నట్లు భావించి, మిగిలినది తాకక బ్యాంకులో నుంచి, సంసారము గడపి చూడవలెను. పండుగయో, జ్వరమో, పెండ్లి చదివింపులో, బడిరుసుమో ఆ వ్యవధిలో ఎదురుగాక మానదు. మొదటి నెల ఉత్సాహము లెక్కకు రాదు. నాల్గవ నెలలో ఇంటివారి ముఖములు చూడవలెను. ఆ కాలముననే తన్ను బాధించునది పనియా, పై అధికారియా, స్వస్థలమునకు దూరమగుటయా యని విచారించుకొనవలెను. అధికారియే కారణమైనచో వేఱొక శాఖకు మారి జీతము నిలుపుకొనవచ్చును. పనియే రోతయైనచో ఎన్ని శాఖలు మారినను ఫలము లేదు. ఆఱు నెలలును అప్పు చేయక గడచి, ఇంటివారు సమ్మతించి, మనస్సు ఇంకను ఆత్మకూరు బడినే కోరుచున్నచో, అతడు సంకోచింపక రావలెనని నా దృఢాభిప్రాయము. బ్యాంకులో మిగిలిన సొమ్ము మొదటి యేటి ఇబ్బందులకు అండగా నుండును.