స్క్రూకు దారి

హోసూరులో ఒక వడ్రంగి కొట్టు. బడికి సెలవులు ఇవ్వగానే మనవడు తాతకు సాయంగా అక్కడికి వచ్చాడు. ఒకనాడు తాత భోజనానికి వెళ్ళినప్పుడు వాడు టేకు పలక చివర స్క్రూ నిలిపి, బలమంతా పెట్టి తిప్పాడు. స్క్రూ సగం దిగేసరికి పలక ఫట్టున చీలింది. అది ఒక ఇంటి కిటికీ రెక్క కోసం కోసి ఉంచిన పలక. దాని ఖరీదు ఇక తాత కూలిలోంచే పోవాలి.

తాత వచ్చి చూశాడు. మనవడు తల వంచుకొని నిలబడ్డాడు.

"దారి లేక చీలిందిరా నాయనా! చెక్కలో పోగులు నిలువునా ఉంటాయి. స్క్రూ వాటిని పక్కలకు నెడుతుంది. పలక చివర అవి తట్టుకోలేవు. అందుకే ముందు బెజ్జం, తరువాత స్క్రూ" అన్నాడు తాత.

"ఎంత బెజ్జం వేయాలి తాతా?"

తాత స్క్రూ ముందు ఒక బిట్టును అడ్డంగా కాక, నిలువుగా పట్టి చూపాడు. "స్క్రూ నడిమి కడ్డీ బిట్టు చాటున దాగాలి. మరలు మాత్రం రెండు పక్కలా కనిపించాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు మెత్తని చెక్కలో సుమారు 2.5, టేకు వంటి గట్టి చెక్కలో సుమారు 3 మిల్లీమీటర్ల బిట్టు సరిపోతుంది."

గోడకు పాత విల్లు బరమా వేలాడుతున్నది. వింటి తాడును దాని కడ్డీకి చుట్టి ముందుకూ వెనుకకూ లాగితే కడ్డీ గిరగిర తిరుగుతుంది. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కరెంటుతో తిరిగే డ్రిల్లుకు పేటెంటు లభించింది. తిప్పే శక్తి మారినా, తగిన మొనను ఎంచుకోవలసిన పని మాత్రం మారలేదు.

తాత బిట్లను వరుసగా పేర్చాడు. మెలి తిరిగిన బిట్టు గాడుల గుండా పొట్టును పైకి తెస్తుంది. నడుమ సన్నని మొన ఉన్న బిట్టు గుర్తు మీదనే నిలిచి, చెక్కలో శుభ్రమైన బెజ్జం చేస్తుంది. వెడల్పైన చదును బిట్టు పెద్ద బెజ్జాలకు పనికివస్తుంది. గోడలు తొలిచే బిట్టు చెక్కకు తగదు.

"ప్లగ్గు తీశాకే బిట్టు మార్చాలి. వదులు చేతుల చొక్కా వేసుకోకూడదు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పలకను బిగించి, కింద పనికిరాని చెక్క ఒకటి పెట్టాలి. అప్పుడు అడుగున పెచ్చులు లేవవు. ఎంత లోతు కావాలో బిట్టుకు అంత దూరంలో టేపు చుట్టుకోవాలి. మధ్యమధ్య బిట్టును పైకి తీసి పొట్టు దులపాలి. కమురు వాసన వస్తే ఆపాలి" అన్నాడు తాత.

ఆ సాయంత్రం చీలిన పలక నిండా బెజ్జాలు పడ్డాయి. మరునాడు తాత కొత్త పలక తెచ్చాడు. చీలిన పలకను దాని కింద పెట్టి, మనవడు గుర్తు గీసి, బెజ్జం వేసి, స్క్రూ బిగించాడు. అది చప్పుడు లేకుండా దిగింది.

అర్థాలు
బెజ్జం = రంధ్రం
బరమా = చెక్కను తొలిచే పనిముట్టు
కమురు వాసన = మాడిన వాసన

ఆలోచించి రాయండి
1. పలక ఎందుకు చీలింది?
2. చీలిన పలక ఎలా ఉపయోగపడింది?
3. మీ ఊరి వడ్రంగి పనిముట్ల పేర్లు అడిగి, తెలుగులో రాయండి.