మంద నడిచినంత మెల్లగా

పాఠ్యభాగము: ఆదికాండము 32:22–32, 33:12–17. దీనితోకూడ హెబ్రీయులకు 11:21 చదువుకొనవలెను.



యబ్బోకు రేవునొద్ద యాకోబు రాత్రియంతయు పెనుగులాడిన సంగతి మన సంఘములలో చిన్నపిల్లలకును తెలియును. ఆయన ఆశీర్వాదము పొందెననియు, ఇశ్రాయేలను క్రొత్త పేరు పొందెననియు బోధకులు తరచుగా చెప్పుదురు. ప్రొద్దు పొడిచిన తరువాత ఏమి జరిగినదో నిదానించి చదువువారు మాత్రము తక్కువ. 31వ వచనము చూడుడి. ఆశీర్వాదము పొందినవాడు కుంటుచు నడిచెను. తొడగూడు వసిలినది, ఆ ఉదయమున దేవుడు దానిని సరిచేసినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. ఆశీర్వాదమును, కుంటుతనమును ఒకే దేహములో ఒకే దినమున కలిసియున్నవి.

తరువాతి అధ్యాయములో అన్నయైన ఏశావు నాలుగు వందలమంది మనుష్యులతో ఎదురువచ్చి, కలిసి ప్రయాణము చేయుదము రమ్మని పిలిచెను. యాకోబు అందుకు ఒప్పుకొనలేదు. తనతో పసిపిల్లలున్నారనియు, పాలిచ్చు గొఱ్ఱెలును పశువులును ఉన్నవనియు, వాటిని ఒక్కదినము తరిమి తోలినచో మంద దక్కదనియు విన్నవించుకొని, వాటి అడుగునుబట్టి తాను వెనుక వత్తుననెను. ఇది ఏశావును తప్పించుకొనుటకు చెప్పిన సాకేయని కొందరు వ్యాఖ్యాతలందురు. కొంత నిజమే కావచ్చును. యాకోబు సాకులు చెప్పుట ఎరుగనివాడు కాడు. అయినను ఆయన చెప్పిన మాట మంద కాచినవాడు తప్ప మరియొకడు చెప్పజాలని మాట. మన గొల్ల సహోదరులను అడుగుడి. ఈనిన గొఱ్ఱెను ఎండలో పరుగెత్తించినవాని గతి వారే చెప్పుదురు.

దీర్ఘవ్యాధితో కాపురము చేయువారికి ఇంతకంటె చక్కని పాఠము నాకు కనబడలేదు. దీర్ఘవ్యాధులు అనేకములు గలవు. ఒక్కదానిని తీసికొని చూచినయెడల తక్కినవాటికిని దారి తెలియును గనుక ఈ మాసము కీళ్ళవాతమును గూర్చి చెప్పుకొందము. వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. ముసలితనమున మోకాళ్ళు అరిగి నొప్పిపెట్టుట వేరు, ఇది వేరు. 2005, 2006 సంవత్సరములలో మన జిల్లాలలో ప్రబలిన చికున్‌గున్యా జ్వరము తరువాత అనేకులు నెలల తరబడి పడిన కీళ్ళబాధయు వేరే. ఈ వ్యాధిలో, రోగములనుండి మనలను కాపాడవలసిన దేహశక్తి దారితప్పి, స్వంత కీళ్ళ లోపలి పొరమీదనే పడును. కావలి కుక్క ఇంటివారినే కరచినట్లు. రెండుచేతుల వ్రేళ్ళ కణుపులు, మణికట్లు, పాదములు వాచి వేడెక్కును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువగా వచ్చును. నడివయస్సుననే, ఇంటిభారమంతయు తలమీదనున్న కాలముననే తరచుగా వచ్చును. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి పాపముచేత వచ్చినదియు కాదు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమి చెప్పెనో యోహాను 9వ అధ్యాయములో చూచుకొనుడి.

ఈ వ్యాధిగల తల్లి తెల్లవారుజామున లేచునప్పటికి వ్రేళ్ళు బిగుసుకొని పిడికిలి పట్టనియ్యవు. గంటసేపు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువసేపు అట్లే ఉండును. మన పల్లెలలో ఆ గంటయే వాకిలి ఊడ్చు గంట, నీళ్ళు తెచ్చు గంట, పాలు పితుకు గంట. పది గంటలకు అదే తల్లి లేచి తిరుగుచుండగా చూచినవారు, ఉదయము సోమరితనముచేత పడుకొన్నదని అనుకొందురు. అత్తగారు అనకపోయినను ప్రక్కింటివారందురు. ఈ మాటలు కీళ్ళ నొప్పికంటె లోతుగా గ్రుచ్చుకొనునని చెప్పనక్కరలేదు.

ఆ మాటలకు వెరచియే ఆమె పొరపాటు చేయును. నొప్పి తగ్గిన దినము ఒకటి వచ్చును. ఆ దినమున, ఇన్నాళ్ళు చేయలేకపోయిన పని యంతయు ఒక్కసారిగా నెత్తికెత్తుకొనును. క్రిస్మసు ముందర ఇది అధికముగా జరుగును: గోడలకు సున్నము, బొంతల ఉదుకు, పిండివంటలకు బియ్యము దంచుట, అన్నియు ఒక్కనాడే. చీకటిపడువరకు చేసి, నేను బాగుపడితినని సంతోషించును. మరునాడు లేవలేదు. మూడవనాడును లేవలేదు. పండుగనాడు ఆరాధనకు రాలేక మంచముమీద ఏడ్చుచుండును. యాకోబు భయపడినది ఇదియే: ఒక్కదినము వడిగా తోలుట. మంచిదినమునకు మితము విధించుకొనుట చెడుదినమును ఓర్చుకొనుటకంటె కష్టమైన పని. అయినను నేర్చుకొనవలెను. పదిదినముల పనిని పదిదినములకే పంచవలెను. ఒక గోడకు సున్నము వేసి, చేయి ఇంకను ఆడుచుండగానే కుంచె క్రింద పెట్టవలెను. నొప్పి వచ్చి ఆపించువరకు కాచుకొనరాదు.

పని విధమునుకూడ మార్చుకొనవచ్చును. నిండు బిందెను వ్రేళ్ళతో పట్టి ఎత్తుటకంటె చిన్న చెంబుతో పలుమారులు మోయుట మేలు. గిన్నెను రెండు అరచేతులమీద ఎత్తవలెను. తడిబట్టను మెలిపెట్టి పిండక, కొళాయి గొట్టము చుట్టు త్రిప్పి రెండు కొనలు లాగినచో నీరు కారును. గరిటె కాడకును, కొడవలి పిడికిని పాతగుడ్డ మందముగా చుట్టినయెడల పట్టు సులభమగును. సన్నని పిడిని బిగించి పట్టుటయే వ్రేళ్ళకు శత్రువు. నేలపై గొంతుకు కూర్చుండుటకు మారుగా ఎత్తైన పీట వేసికొనవలెను.

అట్లని కదలక కూర్చుండుటయు తగదు. వాడని కీలు బిగియును, వాడని కండ కరగిపోవును. పూర్వకాలమున ఈ రోగులకు మంచమే వైద్యమని చెప్పెడివారు. నేటి వైద్యులు అట్లు చెప్పరు. ఉదయము గోరువెచ్చని నీళ్ళలో చేతులు పది నిమిషములు ఉంచి, పిమ్మట మెల్లగా పిడికిలి ముడిచి విప్పవలెను. బొటనవ్రేలితో తక్కిన నాలుగు వ్రేళ్ళ కొనలను ఒక్కొక్కటిగా తాకవలెను. మణికట్టును పైకి, క్రిందికి వంచవలెను. భుజములను చుట్టు త్రిప్పవలెను. కుర్చీలో కూర్చుండి ఒక్కొక్క కాలిని చాపి, అయిదు అంకెలు లెక్కించి దింపవలెను. సాయంకాలము చదునైన బాటమీద, మెత్తని చెప్పులతో, ఓపిక ఉన్నంత దూరము నడువవలెను. తిరిగి వచ్చుటకును ఓపిక కావలెనని మరువరాదు. వాచి వేడిగా ఉన్న కీలుకు ఆ దినములలో బరువు పెట్టక, మెల్లగా కదలించిన చాలును. ఎంత చేయవలెనో తెలిసికొనుటకు ఒక కొలత గలదు: వ్యాయామమువలన పెరిగిన నొప్పి రెండు గంటలు దాటి నిలిచినయెడల మరునాడు దానిని తగ్గించవలెను.

చేతికర్ర పట్టుటకు అనేకులు సిగ్గుపడుదురు. యాకోబు యౌవనమున యొర్దాను దాటినప్పుడు ఆయన చేత కర్రయే ఉండెను (32:10). అవసానకాలమున యోసేపు కుమారులను దీవించినప్పుడు కర్రమీద ఆనుకొనియే దేవునికి నమస్కరించెనని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. విశ్వాసవీరుల పట్టికలో ఆ కర్రకుకూడ చోటు దొరకినది! కర్ర పట్టువారు తెలిసికొనవలసిన సంగతి ఒకటి. నొప్పిగల కాలి ప్రక్కననే కర్ర పట్టుట సహజముగా తోచును గాని అది సరికాదు. కుడి మోకాలు నొప్పియైనచో ఎడమచేత కర్ర పట్టి, కర్రను కుడికాలిని కలిపి ముందుకు వేయవలెను. నిలువబడి చేయి వ్రేలాడవేసినప్పుడు కర్ర పిడి మణికట్టు ఎత్తున ఉండవలెను.

ఇక మనస్సునకు ఇంపైన పనులను గూర్చి. జబ్బుమనిషికి మందు, అన్నము ఉన్న చాలదా, వినోదమెందుకని అడుగువారున్నారు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడగు రెన్వార్ (1841–1919) ఈ వ్యాధితోనే సుమారు ఇరువదియైదు సంవత్సరములు గడిపెను. మొదట వ్రేళ్ళు బిగుసుకొనకుండ ప్రతి ఉదయము చిన్న బంతులు ఎగురవేసి పట్టుకొనెడివాడని ఆయన కుమారుడు వ్రాసెను. చివరకు వ్రేళ్ళు వంకరపోయి, నడక పోయి చక్రముల కుర్చీ పాలైనను, చేతికి గుడ్డ చుట్టించుకొని, ఇతరులు కుంచె అందింపగా చిత్రములు వ్రాయుచునే యుండెను. మనలో చిత్రకారులు లేకపోవచ్చును. నర్సాపురము ప్రాంతమున మిషనెరీలు నేర్పిన లేసు అల్లిక మన తల్లులకు వచ్చును. అల్లిక సూదికి గుడ్డ చుట్టి లావుచేసికొని, పావుగంట అల్లి, చేయి చాపి, మరల పావుగంట అల్లవచ్చును. అరుగుమీద పాతడబ్బాలలో తోటకూర, గోంగూర పెంచినయెడల వంగకుండ కోసికొనవచ్చును. నాలుగు కోళ్ళను సాకవచ్చును. కీర్తనలు పాడవచ్చును, పిల్లలకు నేర్పవచ్చును. దినమంతయు నొప్పినే చూచు కంటికి చూచుటకు మరియొకటి కావలెను. ఇది విలాసము కాదు.

మందులను గూర్చి చెప్పకుండుటకు వీలులేదు, ఏలయనగా ఇక్కడ ప్రాణాపాయము గలదు. ఈ వ్యాధికి మొదట ఇచ్చు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. అది వారమునకు ఒక్కసారి మాత్రమే మ్రింగవలసినది. ప్రతిదినము మ్రింగినచో రక్తము పుట్టు మూలమే చెడి ప్రాణము పోవచ్చును. కనుక వారములో ఒక దినము నిర్ణయించుకొని, చదువు రాని తల్లులకు ఇంటివారు గోడమీది పంచాంగములో గురుతు పెట్టవలెను. వైద్యుడు చెప్పినప్పుడెల్ల రక్తపరీక్ష చేయించుకొనవలెను. గర్భము ధరింపగల స్త్రీలు ఆ సంగతి ముందే చెప్పవలెను. మరియొక మందు స్టెరాయిడ్. 1948లో అమెరికాలో కార్టిసోన్ అను స్టెరాయిడ్‌ను మొదటిసారి ఈ రోగులకు ఇచ్చినప్పుడు మంచము పట్టినవారు కొద్ది దినములలో లేచి నడచిరి. 1950లో అందుకు నోబెలు బహుమానమును ఇచ్చిరి. అయితే ఎక్కువకాలము వాడగా ముఖము ఉబ్బుట, ఎముకలు బలహీనమగుట, రక్తములో చక్కెర పెరుగుట కనబడెను. వైద్యులు నేడు దానిని మితముగా వాడుదురు. పేరు చెప్పక పొట్లము కట్టి ఇచ్చిన బిళ్ళ ఒక్కరాత్రిలో నొప్పిని మాయము చేసినచో, అది ఏమి బిళ్ళయని అడుగుడి. చాలకాలము వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానుటయు అపాయమే.

స్వస్థత కూటములకు వెళ్ళివచ్చి మందులు పారవేయువారు మన సంఘములలో ఉన్నారు. ఆసా రాజు వైద్యులను నమ్మి చచ్చెనని వారికి బోధింపబడినది (2 దినవృత్తాంతములు 16:12). ఆసా తప్పు వైద్యులను పిలుచుట కాదు, దేవుని విడిచిపెట్టుట. హిజ్కియా ప్రార్థన ఆలకింపబడి ఆయుష్షు పొడిగింపబడిన పిమ్మటనే, ప్రవక్తయైన యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుమనెను (యెషయా 38:21). పౌలు చేతులమీదుగా అనేకులు స్వస్థత పొందిరి. అయినను త్రోఫిము రోగియై మిలేతులో ఉండిపోయెను (2 తిమోతి 4:20). అతనికి విశ్వాసము కొదువయని పౌలు వ్రాయలేదు. దేవుడు బాగుచేయగలడని మనము నమ్ముదుము, అడుగుదుము. కీలు లోపల వ్యాధి మాత్రము మందు మానిన నెలలలో మౌనముగా ఎముకను తినును, వంకరపోయిన వ్రేలు మరల తిన్నబడదు. ప్రార్థన చేయుడి, మందు మానకుడి.

పరామర్శకు వెళ్ళువారు, ఇంకను తగ్గలేదా యని అడుగుట మానవలెను. ఆమె ఏమి చెప్పును? దానికి బదులు రెండు బిందెల నీళ్ళు తెచ్చి పోయుడి, లేదా ఆమె అల్లిన లేసు చూపించుమనుడి.

యాకోబు ఆనాడు శేయీరుకు పోలేదు. సుక్కోతులో ఆగి తనకొక ఇల్లు కట్టుకొని, పశువులకు పాకలు వేసెను. ఆ పాకలనుబట్టియే ఆ చోటికి పేరు కలిగినది (33:17). మన గుడులలో అందరును చాపలమీద కూర్చుండి మోకాళ్ళూనుదురు. వచ్చు స్త్రీల కూడికకు ముందుగా సంఘపెద్దలు గోడ ప్రక్కను ఒక బల్ల వేయించి, అది పెద్దలకు కాదు, మోకాళ్ళూనలేనివారికని కాపరిచేత ప్రకటింపజేయుదురు గాక. ఎవరును ముందుగా కూర్చుండుటకు సిగ్గుపడిన యెడల, కాపరి భార్యయే మొదట కూర్చుండి ప్రక్కను చోటు చూపవలెను.