ఇంట చేరు రోకలిబండలు

తొలకరి వానలు పడగానే గోడల వెంట, నీళ్ళ తొట్టి వద్ద, పశువుల కొట్టములో రోకలిబండలు గుంపులుగా కనిపించును. వీనికి జడిసి, చేలో వాడగా మిగిలిన పురుగుమందును ఇంట చల్లు రైతులు కలరు. రోకలిబండ కంటె ఆ మందే ఎక్కువ అపాయకరము.

రోకలిబండ జెర్రి కాదు. జెర్రికి కణుపునకు ఒక జత కాళ్ళుండును. అది విషపు కోరలతో కరచును. రోకలిబండకు చాలా కణుపులకు రెండేసి జతలుండును. అది కరవదు, ముట్టిన చుట్ట చుట్టుకొనును. అయితే కొన్ని రకముల నుండి వెలువడు రసము చర్మమును మండించును. కనుక పిల్లలను ముట్టనీయరాదు. రసము తగిలినచో సబ్బుతో కడుగవలెను. కంటబడినచో శుభ్రమైన నీటితో బాగుగా కడిగి వైద్యునకు చూపవలెను.

కుళ్ళిన ఆకులు దీని ఆహారము. తేమ దీనికి ప్రాణము. నేల నీటితో నిండినప్పుడు ఇంట దూరును. లోపల తడి లేనిచో ఎక్కువ కాలము బ్రతుకజాలదు.

చేయవలసిన పనులు:

1. గోడల ప్రక్కనున్న ఆకులు, కట్టెలు, పేడకుప్పలు దూరముగా వేయవలెను.

2. పునాది పగుళ్ళు, గడప క్రింది సందులు పూడ్చవలెను.

3. తొట్టి నీరు, చూరు నీరు గోడ ప్రక్క నిలువకుండ కాలువ తీయవలెను.

4. లోపలికి వచ్చినవానిని చీపురుతో చేటలోనికి ఊడ్చి ఎరువు గుంటలో వేయవలెను. అచ్చట అవి ఆకును కొరికి ఎరువగుటకు తోడ్పడును.

చేని మందు చేనికే. ఇంటికి చీపురు చాలును.