కాదన్నా ఆ మాట కాగితం మీద చెప్పాలి

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి ముస్లింలు నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. ఉదయగిరి దుర్గం మీద గోల్కొండ పాలన నాటి మసీదు ఉంది. కొండ కింద ఊళ్లో చెక్క గరిటెలు చెక్కి బతికే కుటుంబాల్లో ఎక్కువ మంది ముస్లింలే. ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేట దర్గాకు మొక్కులు తీర్చుకోవడానికి హిందువులూ వస్తారు. ఇంత పాత కలివిడి ఉన్న చోటైనా, ఊరి చివర లేచిన కొత్త కాలనీవాళ్లు చిన్న మసీదు కట్టుకుంటామని అర్జీ పెట్టాలంటే ముందు ఏ ఆఫీసు మెట్లెక్కాలో చాలామందికి తెలియదు. ఇలాంటి అర్జీ ఏ జిల్లాలోనైనా సులువుగా దారి తప్పుతుంది. పంచాయతీలో పైనుంచి రావాలంటారు. పైన పోలీసు రిపోర్టు కావాలంటారు. స్టేషన్‌లో పెద్దమనుషులతో మాట్లాడుకోమంటారు. ఔననేవారుండరు, కాదనేవారూ ఉండరు.

ముందు హక్కు సంగతి. మీ ఇంట్లో మీరూ మీ వాళ్లూ కలిసి నమాజు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం, ప్రాథమిక హక్కుల్లోని ఇతర నిబంధనలు దానికి హద్దులు. 26వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసి, మత సంస్థలు పెట్టుకునే హక్కు, వాటికి ఆస్తి సంపాదించుకునే హక్కు కూడా ఇచ్చింది. అయితే కట్టడం అనేసరికి భవన నిర్మాణ చట్టాలు వస్తాయి. గ్రామ పంచాయతీ పరిధిలో ప్రార్థనా స్థలం కట్టాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. రామమందిరానికీ చర్చికీ మసీదుకూ అదే నియమం. ఆత్మకూరు మున్సిపాలిటీ కాబట్టి అక్కడ ప్లాన్ దరఖాస్తు మున్సిపల్ కమిషనర్‌కు వెళ్తుంది. మామూలు ఇల్లని ప్లాన్ తీసుకుని లోపల మసీదు చేస్తే, రేపు నోటీసు వచ్చినప్పుడు మీ చేతిలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

"నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చని సుప్రీంకోర్టే చెప్పింది కదా, మసీదెందుకు?" అని మీతో ఎవరైనా అంటే తడబడకండి. అది 1994లో ఇస్మాయిల్ ఫారూకీ కేసులోని మాట. మసీదు ఉన్న భూమిని ప్రభుత్వం సేకరించవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. ఆ మాటను భూసేకరణ సందర్భానికే పరిమితం చేసి చదవాలని 2018లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు స్పష్టం చేసింది. సొంత స్థలంలో చట్టప్రకారం కట్టుకుంటామన్నవాళ్లకు అడ్డుగా దాన్ని వాడటం తప్పు.

అయితే కోర్టులు అవసరాన్ని తూచి చూస్తాయి. 2022 ఆగస్టులో కేరళ హైకోర్టు మలప్పురం జిల్లాలో ఒక వ్యాపార భవనాన్ని మసీదుగా మార్చడానికి అనుమతి నిరాకరించింది. చుట్టూ అయిదు కిలోమీటర్లలో 36 మసీదులున్నాయని ఎత్తిచూపింది. ఆ తీర్పులోని కొన్ని వాక్యాలతో నాకు ఏకీభావం లేదు. ప్రార్థనా స్థలాలను లెక్కపెట్టి చాలనడం కోర్టు పని కాదనుకుంటాను. కానీ అర్జీ రాసేవాళ్లు దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. ఎన్ని కుటుంబాలున్నాయి, దగ్గరి మసీదు ఎంత దూరం, వృద్ధులు రోజుకు అయిదు పూటలు అంత దూరం వెళ్లగలరా, హైవే దాటాలా అన్నవి వివరంగా రాయండి. మన మెట్ట మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్య దూరాలు ఎక్కువ. అది మీ అర్జీకి బలం.

ఇక స్థలం. ఎక్కువ అర్జీలు మునిగేది ఇక్కడే. అభిమానంతో ఒకాయన రెండు సెంట్లు ఇస్తానంటాడు. అది డీ పట్టా (ఎసైన్డ్) భూమి అయితే ఆ దానం మీకు చిక్కు తెస్తుంది. 1977 నాటి చట్టం ఎసైన్డ్ భూముల బదిలీని నిషేధించింది. 2023లో సవరణలు వచ్చినా, మీ సర్వే నంబరు పరిస్థితి ఇప్పుడేమిటో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఇటుక కూడా కొనకండి. నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏలో, ఆ నంబరు ఉందేమో చూడండి. వాగు పోరంబోకు, డొంక, రోడ్డు మార్జిన్, పార్కు స్థలం జోలికే పోవద్దు. బహిరంగ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా పేరుతో అనధికార కట్టడాలు రాకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. పక్కన ఇంకెవరో అలాగే కట్టుకున్నారన్నది కోర్టులో జవాబు కాదు.

స్థలం ఎవరి పేరున ఉండాలి? ఒక వ్యక్తి పేరున ఉంచితే ఆయన తర్వాత వారసులు పంచుకుంటామంటారు. కమిటీని సొసైటీగా రిజిస్టరు చేయించుకోవడం ఒక దారి. వక్ఫ్ చేయడం, అంటే మతపరమైన పనికి శాశ్వతంగా అంకితం చేయడం, రెండోది. నోటిమాటతో ఇచ్చిన హిబా (దానం) ముస్లిం చట్టం ప్రకారం చెల్లవచ్చు గానీ, ఈ పనికి రిజిస్టరు కాగితమే మేలు. 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం తర్వాత కొత్తగా వక్ఫ్ చేయాలంటే దస్తావేజు తప్పనిసరి. వక్ఫ్ చేసేవాళ్లు అయిదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తూ ఉండాలన్న షరతును మాత్రం 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది. పాత మసీదుల ముతవల్లులకు (నిర్వాహకులకు) ఒక హెచ్చరిక. వక్ఫ్ ఆస్తుల ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి 2025 జూన్ 6 నుంచి ఆరు నెలలు గడువిచ్చారు. తప్పిపోయినవాళ్లు వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. ఇంకా ఆలస్యం చేయొద్దు.

ఇలాంటి విషయాల్లో జాప్యం ఎంత ప్రమాదమో నంద్యాల వైపున్న ఇంకో ఆత్మకూరు చూసింది. పేరు ఒకటే, ఊరు వేరు. అప్పటికి అది కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 జనవరిలో మసీదు నిర్మాణంపై మొదలైన వివాదం హింసకు దారితీసింది. గోడ లేవకముందే ఫైలు కదలాలి, ఇరుగుపొరుగు అభ్యంతరాలు ఆఫీసులోనే వినాలి. ఆ బాధ్యత అధికారులది.

అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది. పంచాయతీలో సర్పంచ్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా జవాబు చెప్పాల్సిందే. నిరాకరిస్తే కారణాలతో రాతపూర్వకంగా ఇమ్మనండి. దీని వెనక బలమైన తీర్పుంది. ఒక ఉత్తర్వు నిలబడాలంటే అందులో రాసిన కారణాలతోనే నిలబడాలి, తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు చేర్చకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "శాంతిభద్రతల సమస్య" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, దానికి ఆధారం ఏమిటని మీరు అడగవచ్చు. పొరుగువారికి ఇష్టం లేదన్నంత మాత్రాన హక్కు పోదు.

కదలిక లేకపోతే సమాచార హక్కు కింద ఫైలు ఎవరి దగ్గరుందో, ఏ తేదీన ఏం రాశారో అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. అప్పటికీ మౌనమైతే అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. అక్కడ మసీదు కట్టించమని ఆదేశం వస్తుందని ఆశించకండి. ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోండని అధికారులను ఆదేశించమని అడగండి. సాధారణంగా దొరికేది అదే, చాలాసార్లు అదే చాలు.

పంచాయతీ డబ్బుతో మసీదు కట్టమని అడగడం సరికాదు. ఏ మతాన్నీ పెంచడానికి పన్ను వసూలు చేయరాదని 27వ అధికరణం అంటోంది. కానీ ఆ వీధికి రోడ్డు, కాలవ, కుళాయి, దీపం పౌరులుగా మీకు రావాల్సినవి. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం పంచాయతీ విధి. ఖబరస్థాన్‌కు దారి లేకపోతే గ్రామసభలో లేచి అడగండి, తీర్మానం రాయించండి. మండల పరిషత్‌లో మైనారిటీల నుంచి ఒకరిని, జిల్లా పరిషత్‌లో ఇద్దరిని కో-ఆప్షన్ సభ్యులుగా తీసుకోవాలి. ఆ పదవి ఫొటోల కోసం కాదు. మీ అర్జీ ప్రతి వారికీ ఇవ్వండి.

మసీదు వచ్చాక మైకుకు వేరే అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. సక్రమంగా జరిగే ప్రార్థనను ఎవరైనా కావాలని భంగపరిస్తే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం.

వకీలు ఫీజుకు వెనకాడేవాళ్లు మండల న్యాయ సేవా సంఘాన్ని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. కాబట్టి అర్జీదారుల్లో కాలనీ ఆడవాళ్లనూ చేర్చండి.