ముద్రణమునుండి సంఖ్యారూపమునకు : పరిష్కర్త కర్తవ్యము

‘గ్రంథము’ అను శబ్దమునకు మూలమైన ధాతువునకు కూర్చుట, ముడివేయుట యని యర్థము. తాటాకులను త్రాటితో గూర్చిన కాలమునను, కాగితములను కుట్టి యట్టవేసిన కాలమునను ఈ పేరు సార్థకమే. నేడు గ్రంథములును పత్రికలును కంప్యూటరును ఆశ్రయించుచున్నవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో స్థాపించిన ‘భారతి’ 1991లో ఆగిపోయినను, దాని సంచికలు నేడు అంతర్జాలమున చదువ లభించుచున్నవి. జిజ్ఞాసువులకిది మహోపకారము.

ఈ నూతనరూపము ద్వివిధము. మొదటిది బింబము. ఇది పుటకు ఛాయాచిత్రము వంటిది. అందలి యక్షరములను యంత్రము అక్షరములుగా నెఱుఁగదు. రెండవది పాఠము. ఇందు ప్రతి లిపిసంకేతమునకు ఒక సంఖ్య కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. అందు హల్లులు క, ఖ, గ, ఘ, ఙ యను వర్గక్రమముననే నిలిచియున్నవి. అరసున్నకును బండి ఱకును నేడు వేర్వేరు సంఖ్యలు కలవు.

కోరిన పదమును యంత్రమే క్షణములో వెదకి చూపుచుండగా పండితునితో పనియేమి యని శంకింపవచ్చును. ఆ శంక నిలువదు. ‘ఏఁడు’ అనగా సంవత్సరము. ‘ఏడు’ అనగా ఒక సంఖ్య. ‘అరుగు’ అనగా పోవు. ‘అఱుగు’ అనగా జీర్ణమగు. పాఠమును ఎక్కించువారు అరసున్నను విడిచినను, బండి ఱను సాధురేఫముగా మార్చినను అర్థము చెడును. బింబమునుండి యంత్రమే పాఠమును గ్రహించునప్పుడు ప-వలు, ధ-థలు తాఱుమాఱగుట కలదు. పూర్వము వ్రాయసకాండ్రు చేసిన పొరపాట్లును ఇట్టివే.

వెదకుటయందును వ్యాకరణజ్ఞానము వలయును. ‘ఆలయము’ అని వెదకినచో సామాన్యముగా ‘దేవాలయము’ దొరకదు. సంధిలో అచ్చు పోయి దీర్ఘచిహ్నము నిలిచినది. అచ్చునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు వేఱొక సంఖ్య. సంధి తెలియనివాడు ఆ పదప్రయోగమే లేదని భ్రమపడును.

కావున సంఖ్యారూపమున నెక్కించుట కేవలము యంత్రకార్యము కాదు. అది మఱియొక ప్రతిలేఖనము. తాళపత్రములను ముద్రించిననాడు పరిష్కర్త పాటించిన నియమములు ఇప్పుడును పాటింపఁదగినవి. ఏ ముద్రణమును, ఏ సంవత్సరపు ప్రతిని ఆధారముగా గొనిరో తెలుపవలెను. పాఠమును బింబముతో సరిచూడవలెను. సందేహస్థలమున తమ యూహను మూలమున చేర్పక పాఠభేదముగా చూపవలెను. దిద్దుబాటులను తప్పొప్పుల పట్టికవలె వేఱుగా ప్రకటింపవలెను. బింబమును పాఠమును జంటగా భద్రపఱచవలెను.

అచ్చుప్రతి యున్నంతకాలము దోషమును దానితో పోల్చి సవరింపవచ్చును. నాసిరకపు కాగితములు పొడియై రాలిపోవుచున్నవి. వానిలో తుదిప్రతి నశించిన దినమున యంత్రమందలి పాఠమే మూలమగును. అందు మిగిలిన దోషమే కవిప్రయోగముగా చెల్లును. సరిచూచుటకు తగిన కాలము అచ్చుప్రతులు చేతనున్న యీ కాలమే.