బ్రౌజర్‌కి తాళం వేస్తే సరిపోతుందా?

మా ప్రజ్ఞాపూర్ లాంటి ఊళ్లలో కంప్యూటర్ ఒక్కరిది కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ అక్కాతమ్ముళ్లందరిదీ. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వస్తే నెట్ సెంటర్ సిస్టమ్ ఊరందరిదీ. అందుకే సీఎస్‌ఈ వాళ్లం ఎక్కడికెళ్లినా ఒక డౌట్ ఎదురవుతుంది: "బ్రౌజర్‌కి పాస్‌వర్డ్ పెట్టడం ఎట్లా?"

పెట్టొచ్చు. కానీ అది నమ్ముకునే తాళం కాదు. ఎందుకో చూద్దాం.

ఎక్స్‌టెన్షన్ తాళం ఎందుకు చాలదు?

క్రోమ్‌ని లాక్ చేసే ఎక్స్‌టెన్షన్లు ఆపేది విండోనే. మన హిస్టరీ డిస్క్‌లో ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్‌గా ఉంటుంది, దానికి ఎన్‌క్రిప్షన్ లేదు. డీబీఎంఎస్ ల్యాబ్ చేసినవాళ్లెవరైనా ఆ ఫైల్ కాపీ చేసుకుని చదివేయగలరు.

క్రోమ్ ప్రొఫైల్స్ ఎవరి బుక్‌మార్కులు వాళ్లకి విడిగా ఉంచడానికే, దాచడానికి కాదు. ఒక్క క్లిక్‌తో పక్కవాళ్ల ప్రొఫైల్ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లోని ప్రైమరీ పాస్‌వర్డ్ నిజంగానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది గానీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను మాత్రమే. హిస్టరీ, బుక్‌మార్కులు బయటే ఉంటాయి.

ఇంటి ల్యాప్‌టాప్‌లో

తాళం వేయాల్సింది బ్రౌజర్‌కి కాదు, విండోస్ అకౌంట్‌కి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి ఒక్కొక్కరికి ఒక స్టాండర్డ్ అకౌంట్, దానికో పాస్‌వర్డ్ పెట్టండి. అప్పుడు ఒకరి ఫైళ్లు ఇంకొకరికి తెరుచుకోవు. అడ్మిన్ అకౌంట్ ఉన్నవాళ్లు మాత్రం అందరివీ చూడగలరు, కాబట్టి అది ఎవరి దగ్గరుండాలో ఇంట్లో మాట్లాడుకోండి. లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీతో పాటు ఎల్ నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది.

నెట్ సెంటర్‌లో

ఇక్కడ సిస్టమ్ మనది కాదు, తాళమూ మనది కాదు. ఏ గుర్తూ వదలకుండా రావడమే పని. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేదాకా మార్చుకోవచ్చు కదా, మీ లాగిన్ అక్కడే ఉండిపోతే ఆ పని వేరేవాళ్లూ చేయగలరు. పోయేది సీటు.

1. క్రోమ్‌లో గెస్ట్ విండో తెరవండి. అన్ని గెస్ట్ విండోలూ మూసేస్తే హిస్టరీ, కుకీలు పోతాయి.
2. "పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?" అంటే వద్దనండి.
3. డౌన్‌లోడ్ చేసిన ర్యాంక్ కార్డు, ఆధార్ వాటంతటవే పోవు. షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయండి.
4. వాట్సాప్ వెబ్ వాడితే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి లాగవుట్ చేయండి.

కీలాగర్ ఉన్న సిస్టమ్‌లో ఇవేవీ కాపాడవు. బ్యాంకు పని అక్కడ పెట్టుకోవద్దు.

ఫోన్‌లో

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లకు లాక్ ఉంది. బయటికెళ్లి తిరిగొస్తే వేలిముద్రో పిన్నో అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ పిల్లల చేతికిచ్చేటప్పుడు యాప్ పిన్నింగ్ వాడితే ఆ ఒక్క యాప్‌లోనే ఉంటారు.

చివరగా, "నీకు దాచుకునేదేముంది?" అని ఇంట్లో అడుగుతారు. ఒంట్లో బాగోక చెల్లి ఏదో వెతుక్కుని ఉంటుంది. ఉద్యోగం మారాలని అన్న చూసి ఉంటాడు. అది తప్పు కాదు, వాళ్ల సొంత విషయం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. మనింట్లో ఆ హక్కు తలా ఒక అకౌంట్‌తో మొదలవుతుంది. దానికి పది నిమిషాలు పట్టదు.